వాపసు పోగులు

మొన్న ఆదివారం మా మనవరాలు ఇంగ్లీషు పుస్తకం పట్టుకొని వచ్చి నా ముందర కూర్చుంది. నేను చింతపండులో గింజలు తీస్తున్నాను.

"అమ్మమ్మా, గోసమర్‌ను తెలుగుల ఏమంటరు?"

నాకేం తెలుసు. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకా, అందులోనూ సగం రోజులు. ముందు ఆ వస్తువేదో చెప్పమన్నాను. చలికాలం పొద్దున పూట గాలిలో తేలుకుంటూ పోయే సన్నటి పోగులట. ఎండ పడితేనే కనిపిస్తాయట, చెయ్యి తగిలితే ఉండవట. ఆ మాట ఎట్లా పుట్టిందో కూడా టీచర్ చెప్పిందట. బాతు, ఎండాకాలం, ఈ రెండు మాటలూ కలిసి అరిగి అరిగి అట్లా అయిందట.

"బాతుకూ దారానికీ ఏం సంబంధమే?" అన్నాను.

"నాకేమెరుక? టీచర్ చెప్పింది. నువ్వు తెలుగు చెప్పు జల్ది."

"సాలెపురుగు దారం అని రాసుకో."

రాసుకుంది. పెన్సిలు చెక్కి ఆ పొట్టంతా నా చాప మీదనే పోసి లేచింది. వెనక్కి పిలిచి ఎత్తించాను. అది పోయాక గింజలు తీస్తూ తీస్తూ చేతులు ఆగిపోయాయి.

దానికి నేను చెప్పింది తప్పేం కాదు. కానీ మా ఇంట్లో వాటికి వేరే మాట ఉండేది. వాపసు పోగులు. ఈ మాట ఏ పుస్తకంలోనూ దొరకదు, మా ఇంట్లోవాళ్ళ నోట తప్ప ఇంకెవరి నోటా నేను వినలేదు. అది ఎట్లా పుట్టిందో చెప్పడానికి మాత్రం నాకు ఏ టీచరూ అక్కరలేదు. పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

అప్పట్లో మేము చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్ళం. లైబ్రరీ దాటి అశోక్‌నగర్ దిక్కు పోయే ఒక గల్లీలో పాత ఇల్లు. ముందు భాగం ఓనర్లది, దాని మీద దాబా. వెనక పెరట్లో వరసగా పెంకుటి గదులు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. దాదాపు అందరం పాలమూరు జిల్లా నుంచి వచ్చినవాళ్ళమే. మొగవాళ్ళు సెంట్రింగు పనికో మట్టి పనికో పొద్దున్నే అడ్డా మీదికి పోయేవాళ్ళు. మా గదిలో తాత, నాయనమ్మ, బాపు, అమ్మ, నేను. నాయనమ్మను నేను అవ్వా అని పిలిచేదాన్ని.

తెల్లారుతుంటే గల్లీ చివర బర్రెల కొట్టం నుంచి పేడ వాసన వచ్చేది. తరువాత ఓనరమ్మ వంటింట్లోంచి ఇంగువ పోపు. ఆ తరువాత మా గదుల్లోంచి కిరోసిన్ స్టవ్వుల పొగ. పొద్దుగూకినాక నారాయణగూడ మార్కెట్ నుంచి అమ్మ మెత్తబడ్డ టమాటాలు తెచ్చేది, అవి ఉడుకుతుంటే పెరడంతా పుల్లటి వాసన. వానాకాలంలో గాలి లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు నుంచి తిరిగిందంటే సాగర్ చెరువు నాలా కంపు. అవ్వ లేచి తలుపు మూసి "సాగర్ లేచింది" అనేది, ఎవరో పడని చుట్టం నిద్ర లేచినట్టు.

అవ్వ ఇంట్లో అగ్గిపెట్టె పెట్టనిచ్చేది కాదు. పక్కగదిలో స్టవ్వు అంటుకున్నాక కాగితం చుట్ట పట్టుకుపోయి నిప్పు తెచ్చుకోవాలి. సబ్బు అరిగి పలచబడితే కొత్త సబ్బు వీపుకు అంటించేది. సర్వపిండి చేసిన రోజు గిన్నె అడుగున పట్టిన మాడును అట్లకాడతో గీకి నాకు పెట్టి, "రుచంత గిందులనే ఉంటది" అనేది. నిజంగానే అందులోనే ఉండేది. ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళు నన్ను పిసినారిది అంటారు. అనుకోనీ. నాకంటే ముందు ఒకామె ఉండేదని వాళ్ళకు తెలియదు.

తాత నేతపనివాడు. ఊళ్ళో గుంత మగ్గం మీద నూలు చీరలు నేసేవాడు, పట్టు అంచు వేసి. నూలు ఇచ్చి నేయించుకునే సేఠు ఒకనాడు ఇక వద్దన్నాడు. మగ్గం ఆగింది. బాపు పట్నం వచ్చి సెంట్రింగు పనిలో చేరాడు, వెనకాలే అందరం వచ్చాం. తాతకు నారాయణగూడలో ఒక బట్టల దుకాణం ముందు వాచ్‌మన్ పని దొరికింది. అద్దం వెనక చీరలు, అద్దం ముందర స్టూలు మీద తాత. "అన్ని పాలిస్టరే. కాపలా గాయనీకె ఏముంది అండ్ల?" అనేవాడు.

మా గదిలో దూలానికి ఒక పొడుగాటి మూట వేలాడుతుండేది. పాత దోతిలో చుట్టి తాళ్ళతో కట్టింది. దాన్ని నన్ను ముట్టనిచ్చేవాళ్ళు కాదు. అందులో ఉన్నది మగ్గానికి బిగించే అచ్చు. చీర వెడల్పంత దువ్వెన అనుకోండి. పడుగులో ఉన్న ఒక్కొక్క నిలువు పోగూ దాని పళ్ళ మధ్య నుంచి దూరి రావాలి. చీర నేయడం అయ్యాక మగ్గం మీద నుంచి కోసేటప్పుడు, ఆ పోగులను అచ్చులోంచి మొత్తం లాగేయరు. జానెడు కొసలు అట్లనే వదిలేస్తారు. మళ్ళీ కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఈ కొసలకు ఒకదానికొకటి అతుకుతారు. అంటే నేతవాళ్ళ ఇంట్లో ఒక చీర కొసకు ఇంకో చీర అంటుకునే ఉంటుంది. తాత తన తండ్రి అచ్చు మీద, ఆయన తన తండ్రి అచ్చు మీద, అట్లా అతుక్కుంటూ వచ్చినవాళ్ళే. "అచ్చులు మారినయి గాని కొస తెగలే" అనేవాడు తాత. మూటలో ఉన్నవి ఆ కొసలు. అవి ఉన్నంతసేపు మగ్గం ఆగినట్టే గాని, పోయినట్టు కాదు.

అతికే పని ఆడవాళ్ళది. వేళ్ళకు బూడిద అద్దుకుని, పాత కొసా కొత్త కొసా కలిపి ఒక్క మెలిపెట్టు పెడితే రెండూ ఒకటైపోవాలి. ముడి ఉండకూడదు, ఉంటే అచ్చు పళ్ళలో ఇరుక్కుంటుంది. అవ్వ బొటనవేలు నున్నగా గాజు ముక్కలా ఉండేది. ఆ వేలితో చెంప మీద రాస్తే చల్లగా తగిలేది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె అతికిన పోగులన్నీ వేరే ఆడవాళ్ళ ఒంటి మీదికి పోయాయి. తాత నేసిన చీర ఒక్కటి కూడా ఆమె కట్టుకోలేదు.

అమాస పోయిన రెండోనాడు పొద్దుగూకంగానే పెరట్లో ఆడవాళ్ళందరూ దాబా ఎక్కేవాళ్ళు. ఇందిరా పార్కు చెట్ల మీద, ట్యాంక్ బండ్ దిక్కున, గోరంత చంద్రుడు కనిపించి కొంతసేపటికే దిగిపోయేవాడు. ఆ లోపల కొంగులోంచి ఒక నూలుపోగు లాగి ఆయన దిక్కు విసరాలి. పోగు ఇస్తే ఆయన బట్టలు ఇస్తాడని నమ్మకం. ఊళ్ళో అందరూ చేసేవాళ్ళు, ఇక్కడా మానలేదు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పట్నం వచ్చాక అందరి ఒంటి మీదా పాలిస్టరే. పెరడు మొత్తానికి నూలు చీర కట్టేది అవ్వ ఒక్కతే.

పక్కగదిలో మేస్త్రీ భార్య ఉండేది. నోరున్న మనిషి.

"అవ్వా, ఒక్క పోగియ్యరాదూ."

"నీ చీరెకేం రోగం?"

"గుంజితే పోగొస్తలేదవ్వా, చీరెంత ముడుసుకపోతున్నది."

"ఆయినకు పాలిస్టర్ ఇస్తే పాలిస్టరే ఇస్తడు. నీకు గదే గావాలె గద."

"నూలిస్తే పట్టడుగుదమని చూస్తున్న."

"నూలిచ్చి పట్టడుగుతవా? చంద్రుడు గూడ నీ మొగడనుకున్నవా ఏందే, అడిగిందంత తెచ్చియ్యనీకె?"

అందరూ నవ్వేవాళ్ళు. అవ్వ మాత్రం పోగు ఇచ్చేది కాదు, తను కూడా లాగేది కాదు. కొంగు ఇప్పటికే చిల్లులు పడి జాలీ అయిందనేది. చివరికి తాతే తన దోతి అంచులోంచి తీసి తలా ఒకటి ఇచ్చేవాడు.

"గట్ల గుంజుకుంట పో. ఆఖరికి లంగోటి మిగులుతది" అనేది అవ్వ.

పిల్లలం మేమూ ఆడేవాళ్ళం. ఒకసారి ఓనర్ల బియ్యం గోనెసంచికి పోగులు లాగి లాగి చంద్రుడికి విసిరాం. మూలకు చిల్లి పడి మెట్లంతా బియ్యం. అవ్వ ఒక్కొక్క గింజా నాతోనే ఏరించింది. "మంచిగైంది. వచ్చే పండుగకు గోనె గౌను గుట్టిస్తడు నీకు" అంది.

ఓనరమ్మ అప్పుడేమీ అనలేదు. మెత్తటి మనిషి. తాత నేసే రకం చీరలు ఆమెకు రెండుండేవి, పండుగలకు కట్టేది. కట్టిన రోజు తాత దూరం నుంచే అంచు చూసి, ఏ ఊరి నేతో చెప్పేవాడు. ఆ ఎండాకాలం ఒకనాడు ఆమె పెరట్లోకి వచ్చినప్పుడు తాత ధైర్యం చేసి అడిగాడు. బట్టలుతికే బండ పక్కన రేకుల కింద కొంచెం జాగా ఖాళీగా ఉంది, అక్కడ మగ్గం గుంత తవ్వుకోనిస్తారా అని.

"ఎంత లోతు తవ్వుతవు తాతా?"

"మోకాళ్ళ దాకనే అమ్మా. కూసోని కాళ్ళు వెట్టుకోనీకె."

"ఇల్లు గూలదు గద?"

"మీ ఇంటికంటె ముందుగాల నేను గూలుత."

ఆమె నవ్వి సరే అంది. ఆ రాత్రి మా గదిలో గొడవ. బాపు అన్నం ముందర కూర్చునే అన్నాడు.

"ఎవరు గొంటరు నాయినా? షాపులల్ల ఏమమ్ముతున్నరో నువ్వే చూస్తున్నవు గద."

"అమ్ముతనని ఎవడన్నడు? మీ అమ్మకొక చీరె నేస్త. గంతే."

"నేనడిగిన్నా?" అంది అవ్వ, పచ్చిపులుసు పోస్తూ. "ఉన్న రెండు చాలయి. గీ వయసుల కొత్తచీరె గట్టుకోని ఏడికి వోవాలె, సీన్మకా?"

అన్నదే గాని ఆ పూట తాతకు ఇంకో ముద్ద ఎక్కువ వేసింది. బాపు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు పనిలోంచి వస్తూ సెంట్రింగు కట్టెలు నాలుగు భుజం మీద వేసుకొచ్చి రేకుల కింద ధడాలున పడేశాడు. "మగ్గానికి పనికొస్తయో లేదో చూస్కో. రాకుంటె నీళ్ళ పొయ్యిల వెడత" అన్నాడు. తాత వాటిని చేత్తో తడిమి చూశాడు. పనికొచ్చాయి.

గుంత తవ్వడం చూస్తూ బడి ఎగ్గొట్టాను. తాత తవ్వుతుంటే నేను తట్టతో మట్టి ఎత్తిపోసేదాన్ని. పెరటి మట్టి అడుగున మెత్తగా, ఎర్రగా ఉండేది. గుంత అంచులను అవ్వ పేడతో అలికి నున్నగా చేసింది. తాత అందులోకి కాళ్ళు వేలాడేసి కూర్చుని, లేని మగ్గాన్ని తొక్కి చూసుకున్నాడు. అప్పుడాయన ముఖం నాకు కొత్తగా కనిపించింది, ఎవరో వయసులో ఉన్న మనిషిలాగ.

ఊరి నుంచి తాత మేనల్లుడు బస్సులో పడుగు పంపాడు. అద్దకానికి పోయి వచ్చిన మాణిక్యం రంగు నూలు. దానికి గంజి పెట్టాలి. గంజి పెట్టాలంటే పడుగును బారుగా సాగదీయాలి. ఊళ్ళోనైతే వీధి మొత్తం మనదే. ఇక్కడ చిక్కడపల్లి గల్లీ. తెలతెలవారుతుండగా, కరెంటు స్తంభానికి ఒక కొస, ఓనర్ల గేటుకు ఇంకో కొస కట్టి తాత పడుగు పరిచాడు. గల్లీ నడుమ ఎర్రటి నీళ్ళు పారుతున్నట్టుంది. అవ్వ గంజి కాచింది. బియ్యం నూకల గంజి, పలచగా, కొంచెం పులిసి. ఆ వాసన తగిలితే చాలు, ఊళ్ళో మా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే. ఇద్దరూ చెరో పక్కన గడ్డివేళ్ళ కుచ్చు పట్టుకుని, గంజి అద్దుతూ, పోగులు విడదీస్తూ ఆ కొస నుంచి ఈ కొసకు నడిచారు.

పాల స్కూటరాయన వచ్చి ఆగాడు. "ఏందన్నా ఇది? కేబుల్ టీవీనా? ఇన్ని వైర్లు! ఎన్ని చానల్లొస్తయి?"

"ఒక్కటే చానల్. మా ముసల్ది" అన్నాడు తాత. "పొద్దంత నడుస్తది. బంద్ జెయ్యనీకె రాదు."

"నేను బంద్ అయితె నీకు బువ్వ ఎవరు వండుతరు?" అంది అవ్వ కుచ్చు ఆపకుండానే.

స్కూటర్లు చుట్టూ తిరిగి పోయాయి. కాలేజీ పిల్లలు వంగి కింది నుంచి దూరారు. ఒక పెద్దమనిషి గొణిగాడు గాని, ఓనరమ్మ గేటు దగ్గర నిలబడి "జర ఓపిక వట్టు అన్నా, పావుగంటల అయిపోతది" అంది. అంతా బాగానే ఉందనుకుంటే కొట్టంలోంచి బర్రెలు బయటికొచ్చాయి. అన్నిట్లోకి ముసలి బర్రె గంజి వాసన పట్టి, పడుగు దగ్గర నిలబడి తీరిగ్గా నాకడం మొదలుపెట్టింది. అవ్వ గంజి కుచ్చుతో దాని మూతి మీద కొట్టింది. అది మూతికి అంటిన గంజి కూడా నాకింది. గల్లీ అంతా నవ్వు. మేస్త్రీ భార్య పొట్ట పట్టుకుని కింద కూర్చుంది. "అవ్వా, నీ చీరె రుచి ముందుగాల బర్రెకే దెలిసింది!" అంది. అవ్వ కూడా నవ్వింది. ఆమె పళ్ళు కనిపించేలా నవ్వడం నేను చూసింది ఆ ఒక్క పొద్దునే.

బతుకమ్మ పండుగ పోయాక తాత దూలం మీది మూట దించాడు. దోతి విప్పితే లోపల అచ్చు. దాని పళ్ళలోంచి వేలాడుతూ కొసలు, తెల్లవి కొంచెం పసుపు తిరిగి, ముట్టుకుంటే ఇంకా గంజి బిరుసు. రేకుల కింద అచ్చు ఒక దిక్కు, కొత్త పడుగు ఇంకో దిక్కు కట్టి అవ్వ నడుమ కూర్చుంది. నీళ్ళ పొయ్యిలోని బూడిదను పాత గుడ్డలో వడగట్టి చిప్పలో పెట్టుకుంది. తీయడం, కలపడం, మెలిపెట్టడం. తీయడం, కలపడం, మెలిపెట్టడం. అమ్మ వండి పెట్టేది, అవ్వ తిని మళ్ళీ కూర్చునేది. నాకు కొసలు విడదీసి అందించే పని ఇచ్చారు. నేను మాట్లాడితే ఆమె చెయ్యి ఆగేది కాదు గాని, "నోరు మూస్కొని అందియ్యి" అనేది. అచ్చు వెడల్పులో బెత్తెడు మేర తెలుపు ఎరుపులోకి కలిసిపోయింది.

ఆ మర్నాడు బడి నుంచి వచ్చేసరికి గల్లీ నిండా చప్పుడు. ఇంటి పక్క సందులోంచి బోరు లారీ పెరట్లోకి వచ్చి నిలబడి ఉంది. మిషను దుమ్ము లేపుతూ నేలలోకి దిగుతోంది. కొంతసేపటికి దుమ్ము పోయి బూడిదరంగు బురద పైకి తన్నింది. అది పెరట్లో పల్లం వెతుక్కుంటూ పారింది. పెరట్లో పల్లం అంటే ఒక్కటే, తాత గుంత. అవ్వా అమ్మా అచ్చునూ పడుగునూ ఎత్తుకుని గదిలోకి పరుగెత్తారు. నేను పలకతో బురదకు అడ్డం కట్టబోయాను. పలక మీదుగా కూడా పారింది. చూస్తుండగానే గుంత అంచుల దాకా నిండి, పైన నున్నగా సర్దుకుంది.

ఓనరమ్మ ఏడుస్తూ అవ్వ దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, నేనేం జెయ్యాలె? మా మరుదులు వాటాలు పంచుకుందమన్నరు. అపార్ట్‌మెంట్ గట్టనీకె ఇచ్చిన్రు. దీపావళి అయినంక మొదలువెడ్తరన్నరు గాని, గింత ముందు బోరేస్తరని నాకు జెప్పలే."

తాత అప్పుడే దుకాణం నుంచి వచ్చాడు. గుంత ఉన్న చోటు చూశాడు. ఓనరమ్మను చూశాడు.

"నీళ్ళు వడ్డయా అమ్మా?"

"వడ్డయి తాతా."

"మంచిగైంది" అన్నాడు. అని, చెప్పులు విప్పి గోడకు ఆనించి పెట్టి, లోపలికి పోయాడు.

బాపు అంబర్‌పేట్‌లో గది చూశాడు. మేడ మీద గది. గుంత తవ్వడానికి మేడ మీద నేల ఏది? ఒక మధ్యాహ్నం అవ్వ అచ్చును ఒళ్ళో పెట్టుకుని, తను అతికిన మేర దాటాక కత్తెరతో కోసింది. కొత్త పడుగును చుట్ట చుట్టి సంచిలో పెట్టి, ఊరికి పోయే బస్సులో తెలిసినవాళ్ళకు ఇచ్చి పంపించింది. అచ్చును మళ్ళీ దోతిలో చుట్టబోతే తాత వద్దన్నాడు.

"ఉండనీ. ఇంక దాన్ని సుట్టుడెందుకు?"

దీపావళి అమాస పోయి విదియ వచ్చింది. గల్లీలో ఇంకా కాల్చిన మందు వాసన, మెట్ల మీద ఎర్ర కాగితం ముక్కలు. ఆడవాళ్ళు దాబా ఎక్కారు. చాలామంది అప్పటికే గదులు చూసుకున్నారు, గాంధీనగర్ ఒకరు, ముషీరాబాద్ ఒకరు. అందరం కలిసి చంద్రుణ్ణి చూడడం అదే ఆఖరు. తాత అచ్చు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. పిట్టగోడకు ఆనించి కూర్చుని, దాని పళ్ళలోంచి ఒక కొస పట్టి లాగాడు. అది చప్పుడు లేకుండా వచ్చేసింది.

"తీస్కోన్రి. నూలు" అన్నాడు.

ఎవరూ ముందుకు రాలేదు. ఆ అచ్చు ఏమిటో పెరట్లో అందరికీ తెలుసు.

"నాయినా, ఆలోచన జెయ్యి" అన్నాడు బాపు, మెట్ల దగ్గర నిలబడి. "తీస్తె మల్ల రాదు."

"ఎలుకలు గొరుకుతయిరా. గీళ్ళకన్న పనికొస్తయి."

మేస్త్రీ భార్య కళ్ళు తుడుచుకుంటూ అవ్వ దిక్కు చూసింది. అవ్వ లేచింది. తిడుతుందనుకున్నాను. తాత పక్కన కూర్చుని ఆయన చేతిలోని పోగు తీసుకుని మేస్త్రీ భార్యకు ఇచ్చింది.

"వట్టు. ఆయిన దిగిపోతుండు అవుతల. పట్టుచీరె అడుగుతవో, బెనారసే అడుగుతవో నీ ఇష్టం."

తాత లాగుతూ ఉన్నాడు, అవ్వ పంచుతూ ఉంది. "తోసుకోకున్రి, జాతరనా ఇది? నీకిచ్చిన గద, మల్ల చెయ్యి వెడుతున్నవేందే?" అంటూనే ఉంది. కొన్ని పోగులకు కొసన ఎరుపు ఉంది, ఆమె అతికినవి. గాలి ట్యాంక్ బండ్ మీదుగా వీస్తోంది. విసిరిన పోగులు చంద్రుడి దిక్కు పోకుండా వెనక్కి మా తలల మీదికే వచ్చి, అటు నారాయణగూడ దిక్కు కొట్టుకుపోయాయి. అచ్చు ఖాళీ అయింది. అవతల వెలుగు కనిపించింది దాని పళ్ళలోంచి. అవ్వ ఏమీ విసరలేదు. తాత కూడా.

మేము గది ఖాళీ చేయాల్సిన వారం, ఒక చలి పొద్దున అవ్వ మిరపకాయలు ఆరబోయడానికి దాబా మీదికి పోయింది. నేను చాట మోసుకుని వెనకాల. తాత అప్పటికే పిట్టగోడ దగ్గర బీడీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, ముట్టించకుండా. ఎండ అప్పుడే అడ్డంగా పడుతోంది. ఒక్కసారిగా చూస్తే గాలి నిండా పోగులు. అశోక్‌నగర్ చెట్ల మీద నుంచి, కరెంటు తీగల మీద నుంచి, మెరుస్తూ, ఆరుతూ, మెల్లగా మా దిక్కే వస్తున్నాయి. ఏ యేడాది కూడా అన్ని రావడం నేను చూడలేదు. లేదా అంతకు ముందు ఎప్పుడూ తలెత్తి చూడలేదేమో.

"వాపసొస్తున్నయే" అన్నాడు తాత.

"ఏంది?" అంది అవ్వ.

"పోగులు. వాపసిచ్చిండు."

పట్నం వచ్చాక ఆయనకు అబ్బిన మాట అది. దుకాణంలో రోజంతా వినేవాడు, ఎవరో ఒకరు కొన్న చీర వాపసు తెస్తూనే ఉండేవాళ్ళు.

సాలెపురుగు దారాలు, నీ మొహం, అని అవ్వ ఇప్పుడు అంటుందని నేను ఎదురుచూశాను. ఆమె అనలేదు. ఒక పోగు వచ్చి తాత వేళ్ళకు చుట్టుకుంది. ఆయన దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని, రెండు వేళ్ళ మధ్య నూలు చూసినట్టే చూశాడు.

"గింత సన్నం మనమెన్నడు నెయ్యలే" అన్నాడు.

అవ్వ మిరపకాయల చాట కింద పెట్టింది. దగ్గరికి పోయి, ఆయన వేలి మీది పోగు కొసను తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. ఇంకో చెయ్యి గాలిలోకి చాపి, పోతున్న ఇంకో పోగును పట్టింది. రెండు కొసలూ దగ్గరికి తెచ్చింది. కదలకుండా నిలబడి, నా దిక్కు తిరగకుండానే అంది.

"పోరీ, జల్ది పోయి జరంత బూడిద తే."

నేను మెట్లు రెండేసి దిగాను. నీళ్ళ పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. గుప్పెట నిండా తీసుకుని, జారిపోకుండా రెండో చెయ్యి కింద పెట్టి, మళ్ళీ పైకి పరుగెత్తాను. పైకి వచ్చేసరికి వాళ్ళ వేళ్ళ మధ్య ఏమీ లేదు. గాలికి పోయిందో, కంటికి కనిపించలేదో. అవ్వ వేళ్ళు మాత్రం అట్లనే పట్టుకుని ఉంది. తాత ఆ వేళ్ళ దిక్కే చూస్తున్నాడు, కొత్త పడుగు అతుకుతుంటే చూసినట్టు. నన్ను ఇద్దరూ పట్టించుకోలేదు. మెట్ల మీదనే నిలబడ్డాను.

ఆ తరువాత అంబర్‌పేట్‌లో ఏ చలికాలం పొద్దునైనా ఒక పోగు కనిపిస్తే మా ఇంట్లో అందరూ వాపసు పోగు అనే అన్నాం. బాపు కూడా. అవ్వ పాలిస్టరుకు మారకుండానే, ఉన్న ఆ రెండు చీరలతోనే వెళ్ళిపోయింది. తాత అంతకు ముందే పోయాడు. ఆ ఇంటి జాగాలో లేచిన అపార్ట్‌మెంట్‌కు నేను ఒకసారి పనిమీద పోయాను. లిఫ్టులో పైకి పోతూ, ఎంత ఎత్తు దగ్గర మా దాబా ఉండేదో లెక్క కట్టుకోబోయాను. తెలియలేదు. ఎవరి వంటింట్లోనో, ఎవరి మంచం పక్కనో, గాలిలో ఒక చోట ఆ ఇద్దరూ నిలబడి ఉన్నారు. ఆ పొద్దున బూడిద పట్టుకున్నట్టే మూసుకున్న గుప్పెట నేను తెరవలేదు.